లేవ్ నుంచి జావోన్స్ దాకా

నిన్న రాత్రి ఎమ్యులేటర్‌లో (పాత కంప్యూటర్ గేమ్‌లు ఆడించే సాఫ్ట్‌వేర్) 'ఎలీట్' పెట్టాను. 1984 నాటి అంతరిక్ష వ్యాపారం గేమ్. చేతిలో 100 క్రెడిట్లు, ఒక కోబ్రా మార్క్ 3 ఓడ. అంతే! ఏం చేయాలో ఎవరూ చెప్పరు.

ఆట మొదలయ్యే గ్రహం లేవ్. అక్కడ వ్యవసాయం ఎక్కువ, తిండి సరుకు చవక. అప్పు తెచ్చిన వ్యాపారిలా పైసా పైసా లెక్కేసి కొని, ఫ్యాక్టరీలున్న జావోన్స్ గ్రహానికి బయల్దేరాను. దారిలో ఇద్దరు దొంగలు తగిలారు. ఒకడిని లేజర్‌తో పేల్చేశాను, రెండోవాడు ఎటు పోయాడో తెలీదు, నాకైతే చేతులు చెమటలు.

అసలు టెన్షన్ అక్కడ కాదు. స్పేస్ స్టేషన్ గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. దాని ముఖాన సన్నటి గాడి ఒకటి. మన ఓడని కూడా అదే వేగంతో తిప్పుతూ అందులోంచి దూరాలి. గాడి అడ్డంగా వచ్చింది, సరే అనుకున్నా, కాస్త వంకరైంది... ఢాం. సరుకుతో సహా బూడిద. దానంతటదే దింపే డాకింగ్ కంప్యూటర్ 1500 క్రెడిట్లట, మనకెక్కడివి!

32 కేబీ మెమరీ ఉన్న అప్పటి బీబీసీ మైక్రో కంప్యూటర్‌లో ఈ గేమ్ తయారుచేసిన బ్రాబెన్, బెల్ 8 గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 గ్రహాలు ఎలా ఇరికించారో గానీ, నాకు ఒక్క గాడిలో ఓడ పట్టలేదు. మూడింటికి పడుకున్నా. ర్యాంకు ఇంకా 'హార్మ్‌లెస్' (ఎవరికీ హాని చేయలేనివాడు) అనే చూపిస్తోంది.