పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్: నాన్న తెలుగు టైపింగ్ దాకా

ముందు మిషను సంగతి. హుద్‌హుద్ తుపాను వచ్చిన మరుసటి ఏడాది, అంటే 2015లో కొన్న ల్యాప్‌టాప్. ఐదో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్కు. దీన్ని ఎక్కువగా వాడేది నాన్న. తెలుగు మాస్టారుగా రిటైరయ్యాక తోటి మాస్టార్ల సంఘానికి కరపత్రాలు, ఆహ్వానాలు, ఏడాదికోసారి ఓ చిన్న సంచిక ఆయనే తయారుచేస్తారు. అమ్మ అందులో వంటల వీడియోలు చూస్తుంది. నాకది ఆదివారం కాలక్షేపం.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11 సరైన దారిన ఎక్కాలంటే ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచి ఉండాలి, టీపీఎం 2.0 (భద్రతా చిప్పు) కూడా కావాలి. దొడ్డిదారులున్నాయి గానీ నాలుగు జీబీ మీద దాన్ని ఎక్కించి ఏం బావుకుంటాం? విండోస్ బదులు లినక్స్ (ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్) వేద్దామన్నాను. నాన్న ఒకటే షరతు పెట్టారు: "ఉగాది కరపత్రం ఆగకూడదు."

నవంబరు: ఎక్కించకుండా చూడటం

16 జీబీ పెన్‌డ్రైవులో వెంటాయ్ వేశాను. ఒకసారి అది వేస్తే ఐఎస్ఓ ఫైళ్లను (ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేవి) మామూలుగా కాపీ చేసుకోవడమే. బూటయ్యేటప్పుడు ఏది కావాలో మెనూలో ఎంచుకోవచ్చు. ఉబుంటు 24.04, డెబియన్ 13, మింట్ 22.2 ఎక్స్‌ఎఫ్‌సీఈ (తేలికపాటి డెస్క్‌టాపు), ఈ మూడు లినక్స్ రకాలూ (డిస్ట్రోలు) పట్టాయి. ఐఎస్ఓ దించాక షా256 (ఫైలు తెగకుండా దిగిందో లేదో తేల్చే గుర్తు సంఖ్య) సరిచూడటం మాత్రం మానొద్దు. విండోస్‌లో ఉన్నప్పుడే కమాండ్ ప్రాంప్టులో సర్ట్‌యుటిల్‌తో తీసి, డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చిన దానితో పోల్చుకోవచ్చు. తెగిన ఫైలుతో ఇన్‌స్టాల్ మొదలెడితే, లోపం పెన్‌డ్రైవుదా డిస్కుదా అని వెతుక్కుంటూ కూర్చోవాలి.

ఉబుంటు చూడ్డానికి బాగుంది. కానీ గ్నోమ్ డెస్క్‌టాపు మీద బ్రౌజరు తెరిచేసరికి నాలుగు జీబీ చాల్లేదు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 తేలిగ్గా నడిచింది. నా ఒక్కదానికైతే అదే వేసేదాన్ని. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ల బాస్ లినక్స్ కూడా డెబియన్ మీద కట్టిందే. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ అంటే స్వేచ్ఛ సంస్థ వాళ్ల పనీ గుర్తొస్తుంది. అయితే నేను ఊళ్లో లేనప్పుడు ఏదైనా మొరాయిస్తే నాన్న ఫోన్లో చెప్పే వివరాలతో నేను జవాబు వెతకాలి. ఆ జవాబులు ఎక్కువగా ఉబుంటు కుటుంబానికే దొరుకుతాయి. మింట్ 22 వరుస ఉబుంటు 24.04 మీదే ఉంది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఉబుంటు సొంత తరహా స్నాప్ ప్యాకేజీలు తగిలించరు, ఫైర్‌ఫాక్స్ మామూలు ప్యాకేజీగానే వస్తుంది. మెనూ బటను కింద ఎడమ మూలన ఉంటుంది, పాత అలవాటు చొప్పున నాన్న చెయ్యి అక్కడికే వెళ్తుంది. ఈ చివరి కారణాన్ని డిస్ట్రోల గురించి వాదించుకునేవాళ్లు లెక్కలోకి తీసుకోరు, ఎందుకో.

లైవ్‌లో, అంటే ఎక్కించకుండా పెన్‌డ్రైవు మీదే నడిపేటప్పుడు, చూడాల్సినవి సౌండు, బ్రైట్‌నెస్ కీలు, కెమెరా, మూత మూసి తెరిస్తే మళ్లీ లేవడం. అన్నీ పనిచేశాయి, వైఫై తప్ప.

ఇంకో వింత: మింట్ చూసి మళ్లీ విండోస్‌లోకి వెళ్తే అమ్మ కేక. "ఏటే ఇది? రాత్రి ఎనిమిదయితే మధ్యాన్నం రెండున్నరంటాదేటి?" మదర్‌బోర్డు గడియారాన్ని లినక్స్ యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) చూస్తుంది, విండోస్ మన ఊరి టైముగా చూస్తుంది, అందుకే సరిగ్గా ఐదున్నర గంటల తేడా. రెండూ ఒకే మిషనులో ఉంచుకునేవాళ్లు లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్‌తో లోకల్ ఆర్టీసీ (బోర్డు గడియారాన్ని మన ఊరి టైముగా చూడమనే సెట్టింగు) ఆన్ చేసుకుంటే గొడవ తీరిపోతుంది. నేను రెండూ ఉంచదలచుకోలేదు.

డిసెంబరు: విప్పడం

ఇన్‌స్టాల్ కంటే ముందు డిస్కు మార్చాలని నా పట్టుదల. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్ విశాఖ డాబాగార్డెన్స్‌లో తెచ్చాను. ఈ తరం ల్యాప్‌టాప్‌లకు డీడీఆర్3ఎల్ కావాలి, 1.35 వోల్టులది. ఉత్త డీడీఆర్3 1.5 వోల్టులది, స్లాటులో సరిగ్గానే కూర్చుంటుంది గానీ మిషను బూటవ్వదు. కొట్లో అడిగేటప్పుడు చివర "ఎల్" ఒత్తి చెప్పండి, స్టిక్కరు కూడా చదవండి.

అడుగు మూత తీస్తే విశాఖ గాలి ఏం చేస్తుందో కనబడింది. మూత మరల తలలు తుప్పు, ఫ్యాను రెక్కల మీద బంకలాంటి దుమ్ము. వట్టి దుమ్మయితే బ్రష్షుతో పోతుంది. సముద్రపు తేమ తగిలిన దుమ్ము పట్టుకుని వదలదు. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడిచాను. ఎండిపోయిన థర్మల్ పేస్టు గీకి కొత్తది వేశాను. ర్యామ్ కాంటాక్టులు మెత్తటి రబ్బరుతో రుద్దాను. బ్యాటరీ కనెక్టరు ముందే పీకి పని మొదలెట్టాలి, ఇది మాత్రం మరవొద్దు.

పాత హార్డ్‌డిస్కును చెరపలేదు. విండోస్‌తో సహా అలాగే తీసి యూఎస్‌బీ కేసింగులో పెట్టాను. నాన్నకు అదో ధైర్యం. ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి, అవసరమైతే డిస్కు వెనక్కి బిగిస్తే పాత కంప్యూటరు పాతలాగే లేస్తుంది. కేసింగులో పెట్టేముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేసి పూర్తిగా షట్‌డౌన్ చేశాను. లేకపోతే ఆ డిస్కు నిద్రలో ఉన్నట్టే లెక్క, లినక్స్ దాన్ని చదవనిస్తుంది గానీ రాయనివ్వదు.

సంక్రాంతి సెలవులు: ఇన్‌స్టాల్, వైఫై

ఇన్‌స్టాల్ గురించి రాయడానికేం లేదు. డిస్కు మొత్తం ఇచ్చేశాను, టైమ్ జోను కోల్‌కతా, కీబోర్డు ఇంగ్లిష్ యూఎస్. భోగి పిడకలు చల్లారేలోపు అయిపోయింది.

వైఫై చిప్పు డ్రైవరు లినక్స్ మూల భాగమైన కెర్నెల్‌లో లేదు, విడిగా వేయాలి. నెట్ లేకుండా నెట్ డ్రైవరు ఎలా దించడం? ఫోను యూఎస్‌బీ కేబులుతో తగిలించి టెదరింగ్ ఆన్ చేస్తే మింట్ దాన్ని తీగ కనెక్షన్‌లా వెంటనే గుర్తిస్తుంది. ఎల్‌ఎస్‌పీసీఐ కమాండుతో చిప్పు ఏదో చూసుకుని, డ్రైవర్ మేనేజర్ తెరిస్తే తగిన డ్రైవరు అక్కడే చూపించింది. ఇక్కడో మెలిక ఉంది. సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేరును బూటులో ఆపే రక్షణ) ఆన్‌లో ఉంటే ఇలాంటి బయటి డ్రైవరుకు మన సంతకం కావాలి. ఇన్‌స్టాల్ మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీబూట్ కాగానే నీలం తెర వస్తుంది, అందులో ఎన్‌రోల్ మాక్ (Enroll MOK) ఎంచుకుని ఆ పాస్‌వర్డే కొట్టాలి. కంగారుపడి ఎంటర్ కొట్టి దాటేస్తే డ్రైవరు లోడవ్వదు. ఆ తెర తెచ్చే కంగారు తెలిసి నాన్నకు ముందే ఫోటో తీసి చూపించాను. కెర్నెల్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా డీకేఎంఎస్ ఈ డ్రైవరును తనే తిరిగి కట్టుకుంటుంది.

ఏమీ తెరవనప్పుడు ర్యామ్ వాడకం ఒక జీబీకి కాస్త అటూ ఇటూ ఉంది. ఎనిమిది జీబీతో మింట్ వాళ్ల బరువైన డెస్క్‌టాపు సిన్నమన్ కూడా నడుస్తుంది, అయినా ఎక్స్‌ఎఫ్‌సీఈనే ఉంచేశాను.

ఫిబ్రవరి: అసలు పని

ఇంతవరకూ జరిగిందంతా నాన్న దృష్టిలో పనే కాదు. ఆయనకు తెలుగు పడాలి.

అను అనే తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేరులో యాపిల్ కీబోర్డు ఆయన చేతివాటం. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్, ఐబస్-ఎం17ఎన్ (వేరే భాషల్లో టైపు చేయించేవి) వేసి లాగవుట్ అయి వస్తే తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆర్టీఎస్, పోతన, యాపిల్ లేఅవుట్లు జాబితాలో కనబడతాయి. యాపిల్ కలిపాను, సూపర్, స్పేస్ కలిపి నొక్కితే తెలుగు, మళ్లీ నొక్కితే ఇంగ్లిష్. చాలా కీలు వేళ్లకు అలవాటైన చోటే తగిలాయి. తగలనివాటిని పెద్దక్షరాల్లో కాగితం మీద రాసి తెర అంచున అంటించాను. నాకు ఆర్టీఎస్ (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టడం) చాలు.

ఫాంట్లకు ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా ప్యాకేజీ వేస్తే పోతన, వేమన వస్తాయి. మండలి, రామభద్ర లాంటివి గూగుల్ ఫాంట్స్ నుంచి దించి హోమ్ ఫోల్డరులోని ఫాంట్ల ఫోల్డరులో పెట్టాను. శీర్షికలకు రామభద్ర నిండుగా ఉంది. లోపలి పాఠానికి మండలి నాకు నచ్చింది. నాన్న వేమన దగ్గరే ఆగారు.

లిబ్రేఆఫీస్‌లో (ఎంఎస్ ఆఫీస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరు) ముందు చేయాల్సింది భాషల సెట్టింగుల్లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఆన్ చేసి తెలుగు ఎంచుకోవడం. తెలుగుకు ఫాంటూ, సైజూ ఇంగ్లిష్‌వాటితో సంబంధం లేకుండా విడిగా దాచుకుంటుంది. స్టైలులో ఇంగ్లిష్ ఫాంటు ఒక్కటే మార్చి, తెలుగు మారలేదేమని బెంగపడేవాళ్లు చాలామంది. హన్‌స్పెల్ తెలుగు నిఘంటువు కూడా వేశాను గానీ, సంధి కలిసిన ప్రతి మాట కిందా ఎర్రగీత పెడుతోంది. తెలుగు మాస్టారి ముందు అది నిలబడలేదు, తీయించేశారు.

ఇక పాత ఫైళ్లు. ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేరు) అను ఫాంట్లతో చేసిన సంచికలు. లిబ్రేఆఫీస్ డ్రా పేజ్‌మేకర్ ఫైళ్లను తెరుస్తుంది, బొమ్మలూ పెట్టెలూ చాలావరకు వాటి చోటే ఉంటాయి. అక్షరాలు మాత్రం పిచ్చి గుర్తులు. అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్నిచోట్లా ఒకే సంఖ్య ఉండే పద్ధతి) కావు కదా. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చినవి: తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, వత్తు ఇంకోచోట. ఫాంటు లేకపోతే ఆ ముక్కల వెనకున్న ఇంగ్లిష్ గుర్తులే కనబడతాయి. కన్వర్టర్లున్నాయి, పెట్టి చూశాను. పొల్లులు, గుణింతాలు బానే వచ్చాయి. తడబడేది ఎక్కువగా క్రావడి (ర వత్తు) దగ్గర. అచ్చులో క్రావడి హల్లుకు ఎడమ పక్క నుంచి వస్తుంది కాబట్టి పాత ఫాంటులో దాన్ని ముందు కొడతారు. యూనికోడ్‌లో హల్లు తర్వాతే రావాలి. కన్వర్టరు ఆ వరస తిప్పడం మరిచిన చోట "ప్రజ" కాస్తా వేరే అక్షరానికి తగులుకుంటుంది. వెతికి మార్చే నియమాలు కొన్ని రాసుకున్నాను. మిగతాది నాన్నే ప్రూఫులు దిద్దినట్టు ఎర్రపెన్నుతో ప్రింటు మీద గుర్తుపెడుతున్నారు. "ఇదైతే నాకు తెలిసిన పనేనమ్మా" అన్నారు, కంప్యూటరు మారాక మొదటిసారి కాస్త హుషారుగా.

అన్నీ మార్చాలని లేదు. మళ్లీ అచ్చేసే అవకాశమున్నవే మారుస్తున్నాం. తక్కినవి పాత డిస్కులోనే ఉంటాయి, విండోస్‌లో ఉండగానే వాటిని పీడీఎఫ్‌లు చేసిపెట్టాను.

ఇప్పుడు

ప్రింటరు హెచ్‌పీ లేజర్‌జెట్ 1020. హెచ్‌పీ ప్రింటర్ల డ్రైవరు హెచ్‌ప్లిప్ మింట్‌లోనే ఉంది, దానికి తోడు హెచ్‌పీ-ప్లగిన్ కమాండు నడిపి ప్లగిన్ వేయాలి. ఈ ప్రింటరు ఆన్ చేసిన ప్రతిసారీ ఫర్మ్‌వేర్‌ను కంప్యూటరే పంపాలి కాబట్టి. అది వేశాక ఏ తంటా లేదు.

టైమ్‌షిఫ్ట్‌ను (సిస్టమ్‌ను పాత స్థితికి తిప్పే సాధనం) వారానికొక స్నాప్‌షాట్‌కు పెట్టాను. అది సిస్టమ్ ఫైళ్లకే, హోమ్ ఫోల్డరు అందులో ఉండదు. నాన్న ఫైళ్లకు విడిగా కేసింగు డిస్కులో కాపీ తీస్తున్నాను.

ఉగాది కరపత్రం వేమనలో, ఏ4 సగానికి, పీడీఎఫ్‌గా ప్రెస్సుకు వెళ్లింది. ప్రెస్సువాళ్లు అలవాటుగా పేజ్‌మేకర్ ఫైలు అడిగారు. ఫాంటు లోపలే ఉన్న పీడీఎఫ్ అని చెబితే ఒక కాపీ తీసి చూసుకుని ఒప్పుకున్నారు. మిగిలింది సంచిక. దానికి లిబ్రేఆఫీస్ సరిపోతుందా, స్క్రైబస్ (పేజ్‌మేకర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరు) నేర్చుకోవాలా అన్నది తేలాలి. స్క్రైబస్ 1.6లో తెలుగు వత్తులు సరిగ్గా కూర్చుంటున్నాయి, రెండు కాలమ్‌ల పేజీ ఒకటి చేసి నాన్నకిచ్చాను. ఎర్రపెన్ను గుర్తులు ఇంకా వెనక్కి రాలేదు.