మంచుపలక మీద నాలుగు కిలోమీటర్ల తీగ

ఆర్కిటిక్ సముద్రంలో కొట్టుకుపోయే మంచుపలకల మీద పరిశోధకులు నెలల తరబడి ఎలా బతికారో చదువుతున్నప్పుడు, నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఎలుగుబంట్ల కథలు కావు, చేత్తో తిప్పే ఒక వించ్, అంటే తీగను చుట్టే యంత్రం.

1937 మే 21న ఉత్తర ధ్రువానికి చేరువలో విమానం దిగిన ఇవాన్ పపానిన్, ఎర్నెస్ట్ క్రెంకెల్, ప్యోత్ర్ షిర్షోవ్, యెవ్గెనీ ఫ్యోదొరోవ్ అనే నలుగురు సోవియట్ పరిశోధకులు, సుమారు మూడు మీటర్ల మందమున్న పలక మీద ‘ఉత్తర ధ్రువం-1’ కేంద్రాన్ని నెలకొల్పారు. అక్కడ సముద్రం లోతు 4,290 మీటర్లని వారు కొలిచి చెప్పారు. మంచుకు రంధ్రం చేసి, బరువు కట్టిన సన్నని ఉక్కు తీగను అడుగుదాకా దింపాలి; వేర్వేరు లోతుల నీటిని సీసాల్లో పైకి తెచ్చి పరీక్షించాలి. ఆ తీగనంతా మళ్ళీ పైకి చుట్టడానికి ఆ చలిలో గంటల తరబడి పిడి తిప్పుతూనే ఉండాలి. పలక మరికొంత దూరం జరిగాక మళ్ళీ అదే పని.

ఆ కష్టానికి దక్కిన ఫలితం సామాన్యమైనది కాదు. గడ్డకట్టేంత చల్లగా ఉన్న పై నీటి కింద, అట్లాంటిక్ నుంచి వచ్చిన వెచ్చని నీరు ధ్రువం దాకా పరచుకొని ఉందని ఆ కొలతల్లో తేలింది. 1893–96లో నార్వే అన్వేషకుడు నాన్సెన్ ‘ఫ్రామ్’ నౌక మీద ఈ పొరనే ముందుగా గుర్తించాడు. పై నీటిలో ఉప్పు తక్కువ కనుక అది నీళ్ళ మీద నూనెలా తేలుతూ, కింది వేడిని మంచును తాకనివ్వదు. ఈ అమరిక చెదిరితే మంచు అడుగు నుంచి కరుగుతుంది. అందుకే ఆర్కిటిక్ గురించి తెలుసుకోవలసిన వాటిలో దీనికే నేను మొదటి స్థానం ఇస్తాను.

వేసవిలో పలక పైభాగం కరిగి గుడారాల చుట్టూ నీరు చేరేది. రేడియో బ్యాటరీలకు గాలిమర విద్యుత్తునిచ్చేది. చెన్నై వేళాచేరిలోని మా ఇంటికి వచ్చిన మా అన్నయ్య కొడుకు ఇదంతా విని, “మరి తాగే నీళ్ళు ఎక్కడివి బాబాయ్, అది ఉప్పు సముద్రం కదా?” అని అడిగాడు. మంచి ప్రశ్న. మంచు పాతబడేకొద్దీ అందులోని ఉప్పునీరు కిందికి కారిపోతుంది, కనుక వేసవిని దాటిన మంచును కరిగిస్తే తాగడానికి పనికివస్తుంది. 1938 ఫిబ్రవరి 1న తుఫానుకు వారి పలక ముక్కలైంది. అప్పటికి గ్రీన్‌లాండ్ తూర్పు తీరం దాకా కొట్టుకువచ్చిన ఆ నలుగురిని ఫిబ్రవరి 19న నౌకలు రక్షించాయి.

2019లో జర్మనీ పరిశోధన నౌక ‘పోలార్‌స్టెర్న్’ను ఒక పలకకు కట్టి సాగించిన ‘మొజాయిక్’ అనే అంతర్జాతీయ ఆర్కిటిక్ యాత్రలో మోటార్లూ కంప్యూటర్లూ ఉన్నా, ఆ పలక కూడా 2020 జూలై చివర గ్రీన్‌లాండ్, స్వాల్‌బార్డ్ దీవుల మధ్యనున్న ఫ్రామ్ జలసంధిలో ముక్కలైంది. అయితే శాస్త్రజ్ఞులు అక్కడితో ఆగక మరింత ఉత్తరాన ఇంకొక పలకను వెతుక్కొని కొలతలు కొనసాగించారు.

మా ఇంటికి దగ్గరలోని పళ్ళికరణైలో ఉన్న జాతీయ సముద్ర సాంకేతిక సంస్థకూ ఈ విషయంతో బంధం ఉందని ఇక్కడి తెలుగువారిలో చాలామందికి తెలియదు. ఆ సంస్థ ఇంజనీర్లు రూపొందించిన ‘ఇండార్క్’ అనే కొలత పరికరాన్ని 2014 జూలైలో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్‌లోని కాంగ్స్‌ఫ్యోర్డన్ అనే ఫ్యోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకువచ్చిన సన్నని సముద్రపు పాయ)లో 192 మీటర్ల లోతున దింపారు. అది పలకలా కొట్టుకుపోదు; అడుగున లంగరు వేసి నిలిచి, వేర్వేరు లోతుల్లో నీటి ఉష్ణోగ్రతనూ ఉప్పదనాన్నీ నమోదు చేస్తుంది. షిర్షోవ్ సీసాల్లో పైకి తెచ్చిన అట్లాంటిక్ నీరు ఆ ఫ్యోర్డ్‌లోకీ ప్రవేశిస్తుంది కనుక, అది ఏ ఏడాది ఎంత వెచ్చగా వస్తున్నదో చెప్పగల కొలతల్లో చెన్నైలో తయారైన పరికరం నమోదు చేసేవీ చేరాయి.