ఎనిమిదో నెల బిడ్డ

నేను కడుపుతో ఉండగా దురద పట్టుకుంది. మొదట అరచేతులు, తర్వాత అరికాళ్లు. పగలు పనిలో పడి ఓర్చుకునేదాన్ని, రాత్రయితే నరకం. దద్దుర్లు లేవు, పొక్కులు లేవు, గోకిన గీతలు తప్ప ఒంటి మీద ఏమీ కనపడదు. అరికాళ్లు నవారు మంచానికేసి రుద్దీ రుద్దీ, చివరికి లేచి నీళ్ల బిందెకు అరచేతులు ఆనించి కూర్చునేదాన్ని. ఆ చల్లదనం ఉన్నంతసేపే హాయి. మా చంద్రగిరిలో ఎవరిని అడిగినా "పొట్ట సాగేటప్పుడు దురద మామూలే" అన్నారు. నా దురద పొట్ట మీద కాదే!

33 వారాల చెకప్‌కి తిరుపతి వెళ్లినప్పుడు, అరచేతుల మాట వినగానే డాక్టరమ్మ లివర్ పరీక్షలతో పాటు బైల్ యాసిడ్స్ కూడా రాశారు. కొలెస్టేసిస్ అని తేలింది. అంటే లివర్ నుంచి పైత్యరసం సరిగా పారక అందులోని యాసిడ్లు (బైల్ యాసిడ్స్) రక్తంలో చేరతాయి. మామూలుగా 10 లోపు ఉండే ఆ యాసిడ్ల అంకె నాకు రెండోసారి చూసేసరికి 100 దాటింది.

"నీకు కాన్పయ్యాక తగ్గిపోతుంది. నా భయమంతా బిడ్డ గురించే" అన్నారామె. 100 దాటినవాళ్లలో నూటికి మూడు నాలుగు కాన్పుల్లో బిడ్డ కడుపులోనే పోతుంది. ఆ ప్రమాదం 35, 36 వారాల నుంచి ఎక్కువవుతుంది, అదీ చెప్పాపెట్టకుండా. ఈ రోజు గుండె చప్పుడు బాగుందంటే రేపటికి భరోసా ఉన్నట్టు కాదు. మాత్రలు దురద కోసమే తప్ప, బిడ్డను కాపాడతాయని రుజువు కాలేదని కూడా దాచకుండా చెప్పారు. 35 వారాలు నిండగానే కాన్పు చేసేద్దామన్నారు.

ఇంట్లో పెద్ద గొడవైంది. "ఎనిమిది నిండీ నిండకుండా తీస్తారా? ఏడో నెల బిడ్డయినా నిలుస్తుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ నిలవదమ్మా" అని మా అవ్వ ఏడుపు. తన తోడికోడలి బిడ్డ అలాగే పోవడం ఆమె కళ్లారా చూసింది. ఆ భయాన్ని తీసిపారేయడం నాకు చేతకాలేదు.

డాక్టరమ్మ అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని చీటీ వెనక రెండు గీతలు గీశారు. ఒకటి కిందికి దిగే గీత: పుట్టిన బిడ్డకు ఉండే ప్రమాదం. 28 వారాలకు చాలా ఎక్కువ, 32కి తక్కువ, 34కి ఇంకా తక్కువ. "వారం వారం తగ్గడమే అవ్వా, ఎనిమిదో నెలలో మళ్లీ లేవడం లేదు." రెండోది పైకి లేచే గీత: కడుపులోనే ఉంటే ఉండే ప్రమాదం. మామూలు గర్భిణులకు ఇది 41 వారాలు దాటాక బాగా లేస్తుంది. అందుకే 41 నిండితే నొప్పులు తెప్పించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. "నీ మనవరాలికి మాత్రం ఇప్పుడే లేస్తోంది" అంటూ ఆ రెండూ కలిసే చోట సున్నా చుట్టారు. అవ్వ చాలాసేపు ఆ సున్నా వైపే చూసి, "అయితే ఇంక ఆలస్యం చేయొద్దండి" అంది.

బిడ్డ ఊపిరితిత్తుల కోసం నాకు స్టెరాయిడ్ ఇంజక్షన్లు వేసి, తర్వాత ఆపరేషన్ చేశారు. పాపకు ఆయాసం వస్తే కొన్నాళ్లు ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఉంచారు. పాలు పిండి పంపడం, అద్దంలోంచి చూడడం, ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. నా దురద మాత్రం కాన్పయిన కొద్ది రోజులకే పోయింది. లివర్ రిపోర్టులు మామూలు కావడానికి ఇంకొన్ని వారాలు పట్టింది.

మళ్లీ గర్భం వస్తే ఇది తిరగబెట్టే అవకాశం సగానికి పైనే. అక్కచెల్లెళ్లకూ రావచ్చట. మా చెల్లికి ఇప్పుడు ఆరో నెల. అరచేతులు దురదగా ఉంటే ఎవరి మాటా వినకుండా బైల్ యాసిడ్స్ చూపించుకోమని దానికి గట్టిగా చెప్పాను.