గ్యాస్ట్రిక్ బైపాస్ తరువాత కాల్షియం మాత్రను ఎంచుకోవడం: నా అనుభవం

విశాఖపట్నంలో, బరువు తగ్గడానికి చేసే గ్యాస్ట్రిక్ బైపాస్ శస్త్రచికిత్స చేయించుకొని శ్రీకాకుళం తిరిగి వచ్చేటప్పుడు ఆసుపత్రివారు ఇచ్చిన కాగితంలో మల్టీవిటమిన్, ఐరన్, బి12 వంటివి వరుసగా ఉన్నాయి. వాటిలో దేనికీ నేను పెద్దగా ఆలోచించవలసిన అవసరం రాలేదు. చివరి వరుసలో మాత్రం "కాల్షియం సిట్రేట్, ఆహారం నుంచి వచ్చేదానితో కలిపి రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాముల కాల్షియం, విడతలుగా, జీవితాంతం" అని రాసి ఉంది. ఈ ఒక్క వాక్యాన్ని సరిగ్గా అమలు చేయడానికి నాకు చాలా కాలం పట్టింది. ఇదే దారిలో ఉన్న మన ప్రాంతపు వారికి ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో వివరంగా రాస్తున్నాను.

ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక మందుల దుకాణంలో చీటీ చూపించగానే, అక్కడి అబ్బాయి కాల్షియం కార్బోనేట్ మాత్రల అట్ట తీసి ముందు పెట్టాడు. సిట్రేట్ కావాలని అడిగితే, "ఏ కాల్షియమైతే ఏటుంది మేడమ్, అన్నీ ఒకటే, ఇదే అందరూ పట్టుకెళ్తారు" అన్నాడు. మామూలు మనిషికి ఆ మాట చాలా వరకు సరిపోతుంది. కడుపులో ఆమ్లం బాగా ఊరేవారు భోజనంతో పాటు వేసుకొంటే కార్బోనేట్ చక్కగానే కరుగుతుంది. నా సంగతి అది కాదు. బైపాస్‌లో జీర్ణాశయం పై భాగాన్ని చిన్న సంచిలాగా విడదీస్తారు కాబట్టి అందులో ఆమ్లం చాలా తక్కువగా ఊరుతుంది. దానికి తోడు పుండ్లు పడకుండా మొదటి నెలల్లో ఇచ్చే పాంటోప్రజోల్ ఉన్న ఆ కాస్త ఆమ్లాన్నీ తగ్గిస్తుంది. పైగా కాల్షియాన్ని చురుగ్గా పీల్చుకొనే చిన్నపేగు మొదటి భాగాన్ని తప్పించి ఆహారం కిందికి పోతుంది. సిట్రేట్ కరగడానికి ఆమ్లం అక్కరలేదు, తిండి ఉన్నా లేకపోయినా వేసుకోవచ్చు. అందుకే ఆ అట్టను తీసుకోకుండా, సిట్రేట్ దొరికే దుకాణం కోసం డే అండ్ నైట్ జంక్షన్ వైపు వెళ్ళాను.

సిట్రేట్ దొరికింది కానీ, అసలు లెక్క అక్కడే మొదలైంది. అట్ట వెనుక సన్నని అక్షరాలలో "ప్రతి మాత్రలో కాల్షియం సిట్రేట్ 1000 మి.గ్రా." అని ఉంది. ఆ వెయ్యి, కాల్షియమూ సిట్రేటూ కలిసిన మొత్తం లవణం బరువు. అందులో శరీరానికి అందే అసలు కాల్షియం, అంటే ఎలిమెంటల్ కాల్షియం, సుమారు 21 శాతమే, అనగా 210 మిల్లీగ్రాములు. కార్బోనేట్‌లో ఇది 40 శాతం ఉంటుంది. అందుకే 1250 మిల్లీగ్రాముల కార్బోనేట్ మాత్రను 500 కాల్షియం మాత్రగా అమ్ముతారు. డాక్టరు చెప్పిన 1200 అసలు కాల్షియం లెక్క. ఈ తేడా తెలియకపోతే వెయ్యి మిల్లీగ్రాముల సిట్రేట్ మాత్ర ఒకటి వేసుకొని, ఆ రోజుకు కావలసినది దాదాపుగా అందిందని ఎవరైనా అనుకోవచ్చు. నిజానికి అందేది అందులో ఆరో వంతు. కొన్ని కంపెనీలు ఎలిమెంటల్ అంకెను విడిగా ముద్రిస్తాయి, కొన్ని ముద్రించవు. రోగులు జీవితాంతం కొనే వస్తువు మీద ఆ అంకె తప్పనిసరిగా ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

రోజుకు ఆరు మాత్రలని తేలాక మరో విషయం కనబడింది. మన దగ్గర దొరికే సిట్రేట్ మాత్రలు చాలా వాటిలో మెగ్నీషియం, జింక్, విటమిన్ డి కూడా కలిపి ఉంటాయి. ఒక మాత్రలో జింక్ 4 మిల్లీగ్రాములంటే చిన్న మొత్తమే. ఆరింటికి అది 24 అవుతుంది, నా మల్టీవిటమిన్‌లోని జింక్ దానికి అదనం. జింక్ మరీ ఎక్కువైతే శరీరంలో రాగి తగ్గిపోతుంది, బైపాస్ అయినవారికి రాగి లోపం ముందే పొంచి ఉంటుంది. మెగ్నీషియం ఎక్కువైతే విరేచనాలవుతాయి. ఈ లెక్కంతా కాగితం మీద వేసి ఫోనులో ఆసుపత్రిలోని పోషకాహార నిపుణురాలికి చదివి వినిపిస్తే, సిట్రేటూ విటమిన్ డి మాత్రమే ఉన్నది వెతుక్కోమని చెప్పారు. అది దొరకడానికి కొన్ని వారాలు పట్టింది. ఈలోగా సిరప్ వాడదామనుకొన్నాను కానీ దుకాణాల్లో చూసినవి ఎక్కువగా కార్బోనేట్‌తో చేసినవే.

మాత్ర పెద్దది కావడంతో మొదట్లో చాకుతో నాలుగు ముక్కలు చేసి, స్టీలు గిన్నెలో నలిపి, రెండు చెంచాల పలుచని మజ్జిగలో కలుపుకొని తాగేదాన్ని. సుద్దముక్క నమిలినట్టుండేది. కొత్త కడుపు కుదుటపడ్డాక, డాక్టరు సరేనన్న మీదట, సగం చేసి మింగడం మొదలుపెట్టాను.

ఇంట్లో వచ్చిన అభ్యంతరం వేరు. మా మేనత్తది మన జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో కుటుంబాలకు కుటుంబాలు కుంగిపోవడం కళ్ళారా చూసిన మనిషి. ఆ జబ్బుకు కారణం ఇదీ అని ఇంతవరకు ఎవరూ తేల్చి చెప్పలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి కానీ ఊళ్ళలో భయం అలాగే ఉంది. "మన వైపు నీళ్ళు తాగినోళ్ళకే కిడ్నీలు పోతన్నాయి, నువ్వు రోజూ సున్నం మింగుతానంటావేటే?" అని అత్త అడిగింది. అది తీసిపారేయదగిన ప్రశ్న కాదు. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకొని, సాధారణంగానే ఉందని తెలిశాక అదే ప్రశ్న డాక్టరును అడిగాను. బైపాస్ తరువాత పేగులో మిగిలిపోయే కొవ్వు కాల్షియాన్ని పట్టుకొంటుందనీ, దానితో ఆహారంలోని ఆక్సలేట్ అనే పదార్థం స్వేచ్ఛగా రక్తంలోకి చేరి మూత్రపిండాల్లో రాళ్ళకు దారి తీస్తుందనీ, తగినంత కాల్షియం భోజనంతో పాటు అందితే అది ఆక్సలేట్‌ను పేగులోనే బంధిస్తుందనీ, సిట్రేట్ కూడా రాళ్ళు ఏర్పడకుండా తోడ్పడుతుందనీ ఆయన ఓపికగా చెప్పారు. నీళ్ళు మాత్రం రోజంతా కొంచెం కొంచెంగా తాగుతూనే ఉండాలన్నారు. మూత్రపిండాల జబ్బు ముందే ఉన్నవారి సంగతి పూర్తిగా వేరనీ, వారు కిడ్నీ వైద్యుణ్ణి అడగకుండా ఒక్క మాత్ర కూడా మొదలుపెట్టకూడదనీ హెచ్చరించారు. ఈ మాటలు అత్తకు చెప్పాక ఆమె అడగడం మానేసింది.

ఇక వేళలు. ఒకేసారి 500, 600 మిల్లీగ్రాములకు మించి అసలు కాల్షియం వేసుకొంటే శరీరం తీసుకొనే వాటా తగ్గిపోతుంది కనుక రెండేసి మాత్రలు మూడు పూటలుగా విడదీయవలసి వచ్చింది. ఐరన్‌కూ కాల్షియానికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి, ఐరన్ ఉన్న మల్టీవిటమిన్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. నాకు థైరాయిడ్ మాత్ర కూడా ఉంది, దానికి నాలుగు గంటల ఎడం కావాలి. తెల్లవారుజామున థైరాయిడ్ మాత్ర, పదిన్నరకు కాల్షియం, మధ్యాహ్న భోజనంతో మల్టీవిటమిన్, సాయంత్రం నాలుగున్నరకు రెండో విడత కాల్షియం, రాత్రి భోజనంతో మూడో విడత, పడుకొనే ముందు ఐరన్. నేను బడిలో పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి పదిన్నర మాత్రలు ఇంటర్వెల్ గంటకు ముడిపెట్టుకొన్నాను.

తిండి నుంచి వచ్చేదాన్ని కూడా వదులుకోలేదు. చోళ్ళలో (రాగులలో) వంద గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, అయితే నేను ఒక పూట తాగగలిగే చోడి అంబలిలో పడే పిండి రెండు చెంచాలే. ముల్లుతో సహా తినే మెత్తళ్ళు మంచివే కానీ ఉప్పు బాగా కడిగి, కొద్దిగానే తింటాను.

కాల్షియం సరిపోతున్నదో లేదో రక్తంలో కాల్షియం పరీక్ష ఒక్కటే చెప్పదు. తక్కువైతే శరీరం ఎముకల నుంచి తీసి రక్తంలో అంకెను నిలబెడుతుంది. ఆ తీసే పని చేయించేది పారాథైరాయిడ్ హార్మోను. నా మొదటి పరీక్షలో కాల్షియం సాధారణంగా ఉన్నా ఆ హార్మోను ఎక్కువగా ఉంది, విటమిన్ డి బాగా తక్కువగా ఉంది. వారానికి ఒకటి చొప్పున 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి రాశారు. రక్తంలో విటమిన్ డి మిల్లీలీటరుకు 30 నానోగ్రాములు దాటాక హార్మోను కూడా హద్దులోకి దిగింది. రెండేళ్ళు నిండాక ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ చేయిస్తామన్నారు.

ఇప్పుడు నా చీటీ మీద కంపెనీ పేరుతో పాటు "కాల్షియం సిట్రేట్, మాత్రకు ఎలిమెంటల్ 210 మి.గ్రా., జింక్ లేనిది" అని డాక్టరు చేత రాయించుకొన్నాను. దుకాణంలో ఆ కంపెనీ సరుకు అయిపోయినప్పుడు వాళ్ళు చూపించే మరో అట్టను ఆ వరుసతో సరిపోల్చి చూసి, కుదిరితేనే తీసుకొంటున్నాను.