కోర్ 52, హాట్‌స్పాట్ 94: తప్పు రేడియేటర్‌ది కాదు

గ్రాఫిక్స్ కార్డుకి వాటర్ బ్లాక్ (లోపల నీళ్లు పారే లోహపు దిమ్మ) బిగించాక కోర్, అంటే చిప్ మామూలు వేడి, 52 డిగ్రీలు చూపిస్తుంటే అంతా బాగానే ఉందనిపిస్తుంది. వేడి అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో సాఫ్ట్‌వేర్‌లో ఇంకాస్త కిందకి చూస్తే హాట్‌స్పాట్ 94. వెంటనే చాలామంది ఫ్యాన్ల వేగం పెంచుతారు, లేదా ఇంకో రేడియేటర్ కొంటారు. 52 కాస్తా 49 అవుతుంది, 94 కాస్తా 91 అవుతుంది. మధ్యలో ఉన్న 42 డిగ్రీల తేడా మాత్రం కదలదు. ఎందుకంటే అది పుట్టింది నీళ్లలో కాదు, డైకీ (కార్డులోని సిలికాన్ చిప్‌కీ) బ్లాక్‌కీ మధ్య వెంట్రుకంత సందులో.

డైలో చాలా చోట్ల సెన్సర్లు ఉంటాయి. 2019లో వచ్చిన రేడియన్ సెవెన్‌లోనే 64 ఉన్నాయి. వాటిలో ఆ క్షణాన అన్నిటికన్నా ఎక్కువ చూపిస్తున్నదే హాట్‌స్పాట్. ఏఎండీ దీన్ని జంక్షన్ అంటుంది, ఆర్‌ఎక్స్ 5700 ఎక్స్‌టీ నాడే 110 దాకా మామూలే అని చెప్పింది. ఆ మాట గాలితో చల్లబడే కార్డుకి సరే. నీళ్లమీద నడిచే కార్డులో 350-400 వాట్ల దగ్గర కోర్‌కీ హాట్‌స్పాట్‌కీ తేడా 8 నుంచి 15 ఉంటే బిగింపు బాగున్నట్టే. 20 దాటితే అనుమానించాలి. 25 దాటితే విప్పాల్సిందే. వాట్లు చెప్పకుండా తేడా ఎంతో చెప్పడం దండగ, 100 వాట్ల దగ్గర ఎంత చెత్త బిగింపైనా ముచ్చటగానే కనిపిస్తుంది.

చిన్న లెక్క వేసి చూద్దాం. ఆర్‌టీఎక్స్ 4090లోని ఏడీ102 డై వైశాల్యం సుమారు 609 చదరపు మి.మీ. డై ఒక్కటే 400 వాట్లు వదులుతోందని, డైకీ బ్లాక్‌కీ మధ్య రాసే థర్మల్ పేస్టు ఉష్ణ వాహకత 5 (W/mK) అని అనుకుందాం (డబ్బా మీద ఎంత రాసినా పొరగా వేశాక దక్కేది ఆ చుట్టుపక్కలే). పేస్టు పొర మందం 0.03 మి.మీ. ఉంటే దాన్ని దాటడానికి 4 డిగ్రీలు ఖర్చవుతాయి. 0.15 మి.మీ. అయితే 20. అంటే బ్లాక్ ఒక మూల ఆనుకుని ఎదురు మూల పిసరంత పైకి లేచినా చాలు, ఆ మూల 16 డిగ్రీలు ఎక్కువ కాలుతుంది. నిజానికి డైలో వేడి అంతటా సమానంగా పుట్టదు కాబట్టి లేచిన మూల వేడిగా పనిచేసే భాగం మీదే పడితే ఇంకా ఎక్కువ.

విప్పేముందు అంకెలు మూడు రాసుకోండి: నీళ్లు, కోర్, హాట్‌స్పాట్. ఫుల్ లోడ్ మీద కనీసం 20-30 నిమిషాలు నడిపి, నీళ్ల వేడి పెరగడం ఆగాకే రాయాలి. నీళ్లే 45 దాటుతుంటే అది రేడియేటర్, ఫ్యాన్ల సంగతి. నీళ్లు 34, కోర్ 65, హాట్‌స్పాట్ 77 అంటే డై అంతా సమానంగానే వేడెక్కుతోంది. పేస్టు మొత్తం మందంగా ఉండాలి, లేదా బ్లాక్ లోపలి ఫిన్‌లలో (సన్నని రెక్కల్లో) చెత్త పేరుకుని ఉండాలి, లేదా ప్రవాహం తక్కువై ఉండాలి. 400 వాట్లకి గంటకు 60 లీటర్ల ప్రవాహంలో నీళ్లు బ్లాక్‌ని దాటేసరికి 6 డిగ్రీలు కూడా పెరగవు, 20 లీటర్లకి పడిపోతే 17 పెరుగుతాయి. నీళ్లు, కోర్ మామూలుగా ఉండి హాట్‌స్పాట్ ఒక్కటే ఎగిరితే నేరుగా స్క్రూడ్రైవర్ తీయండి. ఆర్‌టీఎక్స్ 50 వరుస కార్డులు వచ్చినప్పుడు ఈ హాట్‌స్పాట్ గడే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో కనబడకుండా పోయింది. వాటికి కోర్‌కీ నీళ్లకీ తేడానే ఆధారం.

లూప్ (నీళ్లు తిరిగే వ్యవస్థ) ఖాళీ చేసేముందు కార్డుని పది నిమిషాలు వేడెక్కనివ్వండి, పేస్టు మెత్తబడుతుంది. స్క్రూలు తీశాక బ్లాక్‌ని అటూ ఇటూ కొద్దిగా తిప్పుతూ వదులు చేయాలి. మూలలో స్క్రూడ్రైవర్ దూర్చి పైకి లేపితే డై అంచు పెచ్చు లేస్తుంది, దానికి మందు లేదు.

బ్లాక్ ఊడిరాగానే తుడిచేయకండి. అసలు సమాచారమంతా ఆ మరకలోనే ఉంది. డై నడుమ పేస్టు పలుచగా, దాదాపు పారదర్శకంగా ఉండి అంచుల చుట్టూ గట్టులా పేరుకుందంటే అది పంప్ అవుట్: వేడెక్కి చల్లారిన ప్రతిసారీ డై ఒంగుతూ పేస్టుని కొంచెం కొంచెం బయటికి తోసేసింది. బిగించిన రోజు 12 ఉన్న తేడా కొన్ని వారాల్లో 25కి పాకిందంటే కారణం ఇదే. ఒక పక్క పలుచగా, ఎదుటి పక్క దట్టంగా ఉంటే బ్లాక్ వాలింది. మొత్తం దట్టంగా ఉంటే బ్లాక్ అసలు కిందకే దిగలేదు.

దిగనివ్వనిది నూటికి తొంభై పాళ్లు ప్యాడ్లే (మెమరీ చిప్‌లకీ బ్లాక్‌కీ మధ్య పెట్టే థర్మల్ ప్యాడ్లు) అని నా నమ్మకం. 4090లో డై చుట్టూ 12 మెమరీ చిప్‌లు, పక్కన వీఆర్‌ఎం (చిప్‌కి కరెంటు అందించే భాగం). బ్లాక్ తయారీదారు 1 మి.మీ. అన్నచోట 1.5 పెట్టినా, అదే 1 మి.మీ.లో వాహకత ఎక్కువని గట్టి ప్యాడ్ పెట్టినా, ఆ పన్నెండూ కలిసి బ్లాక్‌ని మోస్తాయి, డైకి బరువు ఆనదు. ప్యాడ్ మీద చిప్ అచ్చు చూడండి: నాలుగు అంచులూ తేలిగ్గా పడితే సరైన మందం. ప్యాడ్ సగానికి నలిగి పక్కలకి పొంగితే మందం ఎక్కువ. అచ్చే లేకపోతే తక్కువ, అప్పుడు మెమరీ కాలుతుంది, జీడీడీఆర్6ఎక్స్ రకం మెమరీ అయితే 110 దగ్గర వేగం తగ్గించుకుంటుంది. వాహకత అంకె చూసి మోజు పడొద్దు, మెమరీకి మెత్తని ప్యాడే మేలు. ఇంకా మంచిది ముద్దలా ఉండే థర్మల్ పుట్టీ: సందు ఎంతుంటే అంతకే అణిగిపోతుంది, కొలతల గొడవే ఉండదు. చిప్‌ని కప్పేంత ముద్ద, కావలసిన సందు కన్నా కాస్త ఎత్తుగా పెడితే చాలు.

ప్యాడే దోషి అని రూఢి చేసుకోవాలంటే అన్నీ తీసేసి, డై మీద పేస్టు ఒక్కటే రాసి బ్లాక్ బిగించి మళ్లీ విప్పండి. కరెంటు ఇవ్వకూడదు. మరక అంతటా పలుచగా పడితే బ్లాక్ చదునుగానే ఉంది, తప్పు ప్యాడ్లది. అప్పటికీ ఒక పక్క దట్టంగా ఉంటే స్టాండాఫ్‌లు (స్క్రూలు దిగే చిన్న కాళ్లు), బ్లాక్ అడుగు చూడాలి.

డై మీదకి నా ఓటు పేస్టుకి కాదు, పీటీఎం7950కి. ఇది 0.25 మి.మీ. రేకు, 45 డిగ్రీల దగ్గర మెత్తబడి పలుచగా పరుచుకుంటుంది, పంప్ అవుట్ బెడద దాదాపు ఉండదు. ముందు ఒక పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే పైపొర ఊడకుండా రేకే చిరుగుతుంది. డైని 99 శాతం ఐసోప్రొపైల్‌తో తుడిచి, డై కొలతకి కత్తిరించి, ఒక వైపు పొర తీసి పరిచి, వేలితో అద్ది, రెండో పొర ఒక మూల నుంచి లాగండి. ముక్క చిరిగినా ఖంగారు అక్కర్లేదు, పక్కన అతికిస్తే కరిగి కలిసిపోతుంది.

ఇక్కడే నీళ్లవాళ్లకి ఒక చిక్కు. గాలి కూలర్ కింద ఈ రేకు మొదటి గేమ్‌లోనే కరుగుతుంది. మంచి లూప్‌లో కోర్ 45 దాటకపోతే రేకు అంచులు సరిగా కరగక, తేడా తగ్గలేదని జనం దాన్ని తిట్టి పారేస్తారు. అందుకే మొదటిరోజు ఫ్యాన్లు ఆపి, పంపు మాత్రం నడుపుతూ లోడ్ ఇవ్వండి. నీళ్లు 45 కాగానే ఫ్యాన్లు వేసేయాలి, 50 దాటనివ్వొద్దు: పెట్‌జీ ప్లాస్టిక్ గొట్టాలు మెత్తబడేదాకా తెచ్చుకోకూడదు. ఇలా మూడు నాలుగు సార్లు వేడి చేసి చల్లార్చండి.

బిగింపులో వరసే ముఖ్యం. డై చుట్టూ ఉన్న నాలుగు స్క్రూలు ముందు, ఎదురెదురు మూలలకి, ఒక్కోటి పావు చుట్టు చొప్పున. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే ఆ మూలే ముందు కూర్చుని బ్లాక్ వాలిపోతుంది. రెండు వేళ్లతో పట్టిన స్క్రూడ్రైవర్ ఆగిపోయేదాకా చాలు. బయటి స్క్రూలు తర్వాత, బ్యాక్‌ప్లేట్ (కార్డు వెనక పలక) అన్నిటికన్నా చివర. కార్డుతో వచ్చిన ఎక్స్ ఆకారపు బ్రాకెట్ వాడమని బ్లాక్ కాగితంలో ఉంటే తప్పక వాడండి. ఒత్తిడి పెంచడానికి అదనపు వాషర్లు వేసే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. ప్యాడ్లు సరిచేశాక దాని అవసరం దాదాపు రాదు, బోర్డు వంగే ప్రమాదం మాత్రం వస్తుంది.

లిక్విడ్ మెటల్‌తో ఇంకో రెండు మూడు డిగ్రీలు దక్కుతాయి. కానీ చుక్క జారి డై పక్కన ఉన్న చిన్న కెపాసిటర్ల మీద పడితే షార్ట్ అవుతుంది, అల్యూమినియం తగిలితే తినేస్తుంది. పైగా వాలిన బ్లాక్‌కి అది విరుగుడు కాదు.

రేకు కరిగిన తర్వాత స్ప్రింగులు లేని స్క్రూలు కాస్త వదులవుతాయి. అదే వరసలో ఇంకో పిసరు బిగించి, మళ్లీ అవే వాట్ల దగ్గర మూడు అంకెలూ రాసుకుని పాతవాటి పక్కన పెట్టండి. నెల తర్వాత ఇంకోసారి.