పెద్దమేడ చందాలు: పాస్‌పోర్టు దగ్గర తగిలిన దెబ్బ

నిన్న సాయంత్రం మా ఊరి పెద్దమేడ మండువా మీద ఆఖరి వరస పెంకు ఎక్కింది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని ఇది రాయడానికి కూర్చున్నాను.

మాది కోనసీమ. ఊళ్ళో జమీందారుల లోగిలిని పెద్దమేడ అంటాం. 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చాక ఆ కుటుంబం తలోదిక్కూ వెళ్ళిపోయింది, మేడ కప్పు కూలింది. బర్మా టేకు స్తంభాలు పీకి పట్టుకుపోవడానికి పాత కలప వ్యాపారి బేరం పెట్టాక మాకు తెలివొచ్చింది. ఫ్రాన్సులో 1932లో కాలిపోయి, లోపల చెట్లు మొలిచిన మోత్ షాందనియే కోటను 2017లో వేలమంది తలా కనీసం 50 యూరోలు వేసుకుని కొన్నారు. ముక్కూమొహం తెలియని కోటకే అంతమంది ముందుకొస్తే, ఆడుకుంటూ పెరిగిన మేడకి మేం రామా?

చందాలు పోగేసి మేడ బాగుచేద్దామని సొసైటీ పెట్టాం. రిజిస్ట్రేషన్ సులువే. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురుంటే చాలు. వారసులు గిఫ్ట్ డీడ్ రాసిచ్చారు. విరాళమిచ్చినవాళ్ళకి ఆదాయపు పన్నులో మినహాయింపు దొరికే 80జీ సంగతి ఆడిటరు గారు చూసుకున్నారు. నగదు 2,000 రూపాయలు దాటితే ఆ మినహాయింపు రాదని మాత్రం మొదటిరోజే అందరికీ చెప్పండి.

దెబ్బంతా అమెరికా డబ్బు దగ్గర తగిలింది. అక్కడున్న మా ఊరి పిల్లలు పదకొండుమంది కలిసి తొమ్మిది లక్షలు ఇస్తామన్నారు. సంక్రాంతికి వాళ్ళ పేర్లతో రామాలయం ముందు ఫ్లెక్సీ కట్టించి, మైకులో నేనే చదివాను. కనుమనాడు ఆడిటరు గారు ఫోన్ చేసి, "వీళ్ళవి ఏ దేశం పాస్‌పోర్టులండీ?" అని అడిగారు. ఎనిమిదిమంది అమెరికా పౌరులు.

విదేశీ విరాళాల చట్టం ప్రకారం అది విదేశీ డబ్బే. విదేశీ పౌరులైన మనవాళ్ళకి ఇచ్చే ఓసీఐ కార్డున్నా అంతే. అలాంటి డబ్బు తీసుకోవడానికి ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలంటే సొసైటీకి మూడేళ్ళ వయసుండాలి, ఆ మూడేళ్ళలో 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. మాకు ఏడాదైనా నిండలేదు. ముందస్తు అనుమతి అనే దారి ఒకటుంది గానీ, అది వచ్చేలోపు వానలొస్తే గోడలు మిగలవు. ఇండియా పాస్‌పోర్టుతో అక్కడ ఉద్యోగం చేసుకునేవాళ్ళ సొంత డబ్బుకి ఈ అడ్డం లేదు. ఆ ముగ్గురూ పంపారు.

మిగతా ఎనిమిదిమందికీ వద్దని చెప్పాల్సింది నేనే. వాళ్ళలో నాతో పాటు చదువుకున్నవాడు, "మా నాన్న అస్థికలు ఆ గోదాట్లోనే కలిపాను కదరా, నేను విదేశీయుణ్ణా?" అన్నాడు. ఏం చెప్పను? ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. మర్నాడు రామాలయం అరుగు మీద ఓ పెద్దాయన అందరి ముందూ, "తొమ్మిది లక్షలని మైకులో చదివావు, ఏవిరా అబ్బాయ్?" అని నిలదీశాడు. పాస్‌బుక్ తెచ్చి ప్రతి పేజీ చదివి వినిపించాను. అయినా నెలరోజులపాటు నేను టీకొట్టు దగ్గరికి వెళితే మాటలు ఆగిపోయేవి.

ఆ ఎనిమిదిమంది డబ్బుని ఇంకెవరి సొంత ఖాతాలోనో వేయించుకోమని ఊళ్ళో పెద్దమనుషులే సలహా ఇచ్చారు. ఒప్పుకోలేదు. చందా పుస్తకంలో రసీదు లేని రూపాయి ఒక్కటీ లేదని ఈరోజు గుండెమీద చెయ్యేసుకుని చెప్పగలను. ఊరి డబ్బు ముట్టుకునేవాడికి అంత పట్టింపు ఉండి తీరాలి. మీరు మాత్రం విరాళం ఎంత అని అడిగే ముందు పాస్‌పోర్టు ఏదని అడగండి. డబ్బు ఖాతాలో పడేదాకా ఫ్లెక్సీ కట్టకండి.

ఆదుకుంది దాళ్వా పంట. కళ్ళంలోనే రైతులు బస్తా, రెండు బస్తాలు కొలిచిచ్చారు. కొబ్బరి తోటలవాళ్ళు దింపుకి వంద కాయలు వదిలారు. అరుగు మీద నిలదీసిన పెద్దాయన మూడు బస్తాలు పంపాడు.

ఇక మేడ పని సంగతికొస్తే, సిమెంటు పూస్తే నెలలో అయిపోతుందన్న కాంట్రాక్టరుని పంపించేశాం. సున్నపు గోడకి సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక ఇటుకని తినేస్తుంది. గానుగ సున్నంలో కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపే మేస్త్రీ కోసం మూడు జిల్లాలు తిరిగాం.

వెనక వసారా ఇంకా అలాగే ఉంది. కార్తీకంలో అమెరికా నుంచి ఆ నా స్నేహితుడు వస్తానన్నాడు. సున్నం తొక్కడానికి పాస్‌పోర్టు అడగరుగా అన్నాడు.