మా హాలు దుకాణం కాదని రుజువు చేసుకున్నాను

నిన్న సాయంత్రం మా ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు కొట్టి చూస్తే, వినియోగం అన్న చోట 'నివాసం' అని కనిపించింది. ఆ ఒక్క మాట కోసం వేసవంతా మున్సిపల్ కార్యాలయం మెట్లు ఎక్కి దిగాను. కోపం ఉండగానే రాస్తున్నాను. చల్లారాక రాస్తే మర్యాదగా రాస్తాను, అది ఎవరికీ పనికిరాదు.

ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం రాయితీ ఇస్తారు. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ ఆ రాయితీని నేను వదులుకున్నది లేదు. ఈసారీ అలాగే కట్టబోతే, అర్ధ సంవత్సరానికి 1,310 రూపాయలు ఉండాల్సిన చోట 4,086 అని ఉంది. ఇంటికి ఒక ఇటుక కూడా చేర్చలేదు.

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇంటి పన్ను లెక్క 2021 ఏప్రిల్ నుంచి మారింది. అంతకు ముందు ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందో చూసి వేసేవారు. 2020 నవంబరులో వచ్చిన జీవో 198 తరువాత రిజిస్ట్రేషన్ శాఖ చెప్పే స్థలం విలువ, కట్టడం విలువ కలిపి, అందులో ఇంత శాతమని వేస్తున్నారు. నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం వరకు, దుకాణాల వంటి నివాసేతరాలకు 0.20 నుంచి 2 శాతం వరకు. కోవిడ్ ఏడాది రాష్ట్రాలకు అదనంగా అప్పు తెచ్చుకునే అనుమతి ఇవ్వడానికి కేంద్రం పెట్టిన షరతుల్లో ఈ సంస్కరణ ఒకటి. మన రాష్ట్రానికి అలా దొరికిన అనుమతి 2,525 కోట్లు. అప్పు వాళ్లది, లెక్క మా గోడల మీద.

అయినా న్యాయంగా మాట్లాడాలి. ఇళ్ల మీద పన్నును అంతకు ముందు సవరించింది 2002లో. దాదాపు ఇరవై ఏళ్లు అదే పన్ను కడుతూ కాలువలు బాగు చేయమంటే ఎక్కడి నుంచి చేస్తారు? పెంచవద్దని నేను అనను. మా వీధిలో గజం ధర పెరిగితే నా పింఛను పెరగదు, ఇల్లు అమ్ముకుని పోయే ఉద్దేశమూ లేదు. అమ్మితే తప్ప చేతికి రాని విలువ మీద ఏటా పన్నేమిటన్నదే నా అభ్యంతరం. జనం గోల చేశాక పెంపు ఏడాదికి 15 శాతం దాటదన్నారు. ఏటా 15 అంటే అయిదేళ్లకు రెట్టింపు అవుతుంది, ఆ సంగతి ఎవరూ గట్టిగా చెప్పలేదు. మా చెల్లెలు హైదరాబాదులో ఉంటుంది. అక్కడ ఇప్పటికీ అద్దె విలువ పద్ధతే. 2020 దీపావళికి, కార్పొరేషన్ ఎన్నికలు రెండు వారాల్లో ఉన్నాయనగా, 15 వేల లోపు పన్ను కట్టే ఇళ్లకు ఆ ఏడాది సగం తగ్గించారు. మాకు ఆ ముహూర్తం కూడా కుదరలేదు.

ఇక మా 4,086 సంగతి. వార్డు సచివాలయంలో ఉన్న అమ్మాయి కంప్యూటర్లో చూసి వెంటనే చెప్పేసింది. "అమ్మా, మీ ముందు గదిని కమర్షియల్‌గా మార్చారు. వినియోగం మారితే 15 శాతం పరిమితి వర్తించదు." తనే అర్జీ తీసుకుని రసీదు ఇచ్చింది. ఆ పిల్ల చల్లగా ఉండాలి. ఆ తరువాత అంత సూటిగా మాట్లాడిన మనిషి నాకు దొరకలేదు.

దస్తావేజు నకలు, పాత పన్ను రసీదులు జతచేయడం పెద్ద పని కాదు. కరెంటు బిల్లు మాత్రం తప్పక పెట్టండి. అందులో కేటగిరీ గృహ వినియోగమని ఉంటే అంతకు మించిన సాక్ష్యం లేదు. కొలతలకు మనిషి వచ్చినప్పుడు మీరూ టేపు రెండో కొస పట్టుకోండి. మా ఇంట్లో సన్‌షేడు కూడా కొలవబోతే నేనే ఆపాను.

అసలు కథ విచారణకు పిలిచిన రోజున జరిగింది. వరండాలో పదిమంది ఉన్నారు, కుర్చీ ఒక్కటే, అందులో దస్త్రాలు కూర్చున్నాయి. పిలుపు వచ్చాక లోపలికి వెళితే, అధికారి తన ఫోనులో ఒక ఫోటో చూపించారు. మా హాలు. కిటికీ పక్కన మా కోడలి కుట్టు మిషను, దాని మీద సగం కుట్టిన ఆకుపచ్చ జాకెట్టు, మేకుకు తగిలించిన హ్యాంగరుకు మరో నాలుగు. ఆ పక్కనే దండెం మీద నా తువ్వాలు. సర్వేకని వచ్చి మంచినీళ్లు అడిగి తాగి వెళ్లిన కుర్రవాడు తీసిన ఫోటో అది.

"ఈ జాకెట్లు ఎవరివమ్మా?" అన్నారు. నవ్వుతున్నారేమోనని చూశాను, నవ్వడం లేదు. వేళ్లతో ఫోటో పెద్దది చేసి ఒక్కొక్కటే చూపించారు. తలుపు తీసే ఉంది, వరండాలోని మగవాళ్లంతా వింటున్నారు. ఆకుపచ్చది నాది, ఎర్రది కోడలిది, పూలది మా మనవరాలి లంగా మీదకి అని అరవై ఆరేళ్ల మనిషిని నేను సాక్ష్యం చెప్పాను. మిగతా రెండూ పక్కింటి వాళ్లవి. అబద్ధమాడడం నాకు రాదు, అదే చెప్పాను. "చూశారా, బయటివాళ్లకు కుడుతున్నారు కదండీ" అని కుర్చీలో వెనక్కి వాలారు.

ఇంట్లో ఆడపిల్ల నాలుగు రూపాయల మజూరీకి మిషను తొక్కితే ఆ ఇల్లు దుకాణం అవుతుందా? బోర్డు లేదు, షట్టరు లేదు, కౌంటరు లేదు. మా వీధి చివర మూడంతస్తుల ఇంట్లో కింద కోచింగ్ సెంటరు నడుస్తోంది. అది నివాసంగానే ఉందని అందరికీ తెలుసు. అక్కడ ఎవరూ మంచినీళ్లు అడగరు.

దాని తరువాతది ఇంకా విచిత్రం. కింది ఉద్యోగి ఒకాయన నన్ను పక్కకు పిలిచి ఉపాయం చెప్పారు. "మేడం, ఇన్నాళ్లు షాపు నడిపాను, ఇప్పుడు మూసేశాను అని రాసివ్వండి. వినియోగ మార్పు కింద వచ్చే అర్ధ సంవత్సరం నుంచి తగ్గిస్తాం." లేని షాపును ఎలా మూస్తానండీ అన్నాను. కంప్యూటర్లో 'వినియోగ మార్పు' అన్న దారి వాళ్ల చేతిలో ఉందట. 'మా పొరపాటు' అన్న దారి పైవాళ్ల లాగిన్‌లో ఉందట. వాళ్ల తప్పు దిద్దాలంటే వాళ్లు పైకి జవాబు చెప్పుకోవాలి, నా మీద తోసేస్తే ఎవరికీ నొప్పి ఉండదు. ఆ కాగితం ఇస్తే గడిచిన కాలానికి షాపు రేటు నేను ఒప్పుకున్నట్టే.

నేను తపాలా కార్యాలయం కౌంటర్లో ముప్ఫై ఏళ్లకు పైగా కూర్చున్నదాన్ని. ఏ కాగితం మీద సంతకం పెట్టాలో, ఏది పెట్టకూడదో నాకు ఒకరు నేర్పనక్కర్లేదు. మా కౌంటరు ముందు ముసలివాళ్లను నిలబెట్టి వాళ్ల బట్టలు లెక్కపెట్టించలేదు మేము. పన్ను మాత్రం 'అభ్యంతరంతో చెల్లిస్తున్నాను' అని లేఖ ఇచ్చి కట్టేశాను. లేదంటే నెలకు 2 శాతం వడ్డీ. ఆ వడ్డీ సంగతీ చెప్పాలి. 2025 మార్చిలో పాత బకాయిలు ఒకేసారి కట్టినవాళ్లకు వడ్డీలో సగం మాఫీ చేశారు. ఏళ్లతరబడి ఎగ్గొట్టినవాడికి సగం మాఫీ, మొదటి వారంలో కట్టే నాకు 5 శాతం, పైగా జాకెట్ల విచారణ.

కమిషనర్ పేరుతో అర్జీ రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డుతో సహా. ఒకే ప్రశ్న అడిగాను: మా ఇంట్లో దుకాణం ఏ తేదీన మొదలైందో, దానికి ట్రేడ్ లైసెన్సు రుసుము ఎందుకు అడగలేదో తెలుపగలరు. దాని నకలు తీసుకుని సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చాను. అక్కడ అర్జీకి నంబరు ఇస్తారు, ఆ నంబరు ఉంటే మున్సిపాలిటీ ఫోను ఎత్తుతుంది. మధ్యవర్తులకు డబ్బు ఇవ్వకండి, కార్యాలయం ఎదురుగా జిరాక్స్ షాపులో కూర్చునేవాళ్లకు అసలే ఇవ్వకండి.

ట్రేడ్ లైసెన్సు ప్రశ్నకు జవాబు రాలేదు. వేరే ఉద్యోగి వచ్చి, గుమ్మంలో నిలబడే హాలు చూసి, కరెంటు బిల్లు ఫోటో తీసుకుని వెళ్లారు. కోడలు అప్పుడూ మిషను మీదే ఉంది, లేవమని నేను చెప్పలేదు.

ఎక్కువ కట్టిన సొమ్ము చేతికి ఇవ్వలేదు, రెండో అర్ధ సంవత్సరం డిమాండులో తగ్గించారు. పన్ను మీద 8 శాతం గ్రంథాలయ సెస్సు కూడా వసూలు చేస్తారు కదా, ఆ తేడా మాత్రం తగ్గించడం మరిచారు. దానికి అర్జీ రాసి ఉంచాను, వచ్చే సోమవారం ఇస్తాను.